పేర్లు చెరిగిన ఫిలిములు

తాండూరు రైలు దిగి నేరుగా వికారాబాదు బజారులోకి వచ్చి, రాజేందర్ డిటెక్టివ్ జంగప్ప గడప తొక్కాడు. జంగప్ప నైజాం కాలంలో పోలీసు జమేదారు. ఈ 1958లో సొంతంగా నేరపరిశోధన చేస్తున్నాడు. పాత కానిస్టేబులు బాల్‌రాజ్ ఆయన సహాయకుడు. గురువు నోట ఏ మాట వచ్చినా బాల్‌రాజుకు అది వేదమే.

"నా ఎక్స్‌రేలు ఎత్కపోయిన్రు సార్," అన్నాడు రాజేందర్. "నా చదువు మునిగింది."

అతను పూడూరు పటేళ్ల పిల్లవాడు. హైదరాబాదులో వైద్యవిద్య చివరి సంవత్సరం. తాండూరులో బండలు నున్నచేసే కూలీలను రాతిదుమ్ము ఏం చేస్తుందో తేల్చడం అతని పరిశోధన. ఊపిరితిత్తుల ఎక్స్‌రే, కళ్లె, రక్తం, దుమ్ములోని రసాయనాలు, వీటన్నిటినీ ఒక్కో మనిషిలో కలిపి చూపిస్తే కాలేజీ పతకం తనదేనని అతని ధీమా.

"మైక్రోస్కోపు ఉన్నదా?" అడిగాడు జంగప్ప.

"ఉన్నది. రక్తం సీసలు గూడ ఉన్నయి. ఫిలిములే పోయినయి. తాళం పగలలే."

"సీసల మీద ఏం రాస్తవు?"

"నంబర్లు."

"ఫిలిముల మీద?"

"తెల్లసిరాతోని పేరు, తేదీ, కుడి ఎడమ గుర్తులు."

"ఇవన్నీ పెట్టిన గది ఎవరిది?"

"బండల కార్ఖానా చంద్రప్ప సేటుది. కిరాయి గూడ తీస్కోడు. ఆయనకు శాస్త్రమంటే మస్తు ఇష్టం సార్. పొద్దుగూకంగ వచ్చి, ఒక్కొక్క ఫిలిం చూసి నాతోని చెప్పిచ్చుకుంటడు."

ఆ మాట అంటున్నప్పుడు రాజేందర్ ముఖంలో గర్వం మెరిసింది. జంగప్ప ఒక్క క్షణం ఆ ముఖాన్నే చూసి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

రైల్లో బాల్‌రాజ్ ఆగలేకపోయాడు. "సేటే సార్. దుమ్ముతోని జబ్బని తేలితే ఆయనకే గద నష్టం!"

"ముందు చూద్దాం," అన్నాడు జంగప్ప.

తాండూరులో ఆ గదికి తాళంచెవులు రెండు. ఒకటి రాజేందర్ దగ్గర, రెండోది చంద్రప్ప కొట్టులో మేకుకు. రోజూ గది ఊడ్చే భాగమ్మ ఆ మేకు మీదిదే తీసుకుంటుంది. ఆమె భర్త బాలప్ప కార్ఖానాలోనే దగ్గుతూ బండ రుద్దుతున్నాడు. అతని పక్కన మూడు చోట్లు ఖాళీగా ఉన్నాయి.

"ఈ చోట్ల కూసునేటోళ్లేరి?" అన్నాడు జంగప్ప.

"పని తక్కువున్నది. ఇంటికి పంపిన," అన్నాడు చంద్రప్ప.

నున్నచేయాల్సిన బండలు గోడ ఎత్తున పేరుకుని ఉన్నాయి. ఖాళీ చోట్లు ఎవరివో రాజేందర్‌కు అప్పుడు తట్టింది.

విరిగిన బండల కుప్ప వెనక బాల్‌రాజ్‌కు గోనెసంచి దొరికింది. ఫిలిములన్నీ అందులోనే ఉన్నాయి. బొమ్మలకు గీత కూడా పడలేదు. తెల్లసిరా మాత్రం సానరాయితో రుద్దినట్టు పోయింది. ఏ ఫిలిం ఏ రక్తం సీసాతో జతో చెప్పే గుర్తు ఇక లేదు.

జంగప్ప ఆ తాళంచెవులు అందే వాళ్లందరినీ రాజేందర్ గదిలో కూర్చోబెట్టాడు.

"తాళం పగలలేదు. అంటే మేకు మీది చెవి వాడిన్రు. సేటుకు సాక్ష్యం మాయం చేయాల్నని ఉంటే పొయ్యిలేసేటోడు. గీ మనిషి బొమ్మల జోలికి పోలే. పేర్ల మీదనే కోపం. మరి తేదీలు, కుడి ఎడమలు గూడ ఎందుకు రుద్దినట్టు? ఏది పేరో ఏది తేదీనో తెల్వక. అంటే చదువు రాని మనిషి."

"ఎవరో చెప్పు, ఇప్పుడే ఎల్లగొడ్త!" అన్నాడు చంద్రప్ప.

మూల నుంచి భాగమ్మే లేచింది.

"నేనే తీసిన. గీ సారు పేరు సదువుడు, సేటు తలకాయ ఊపుడు, తెల్లారి గా మనిషికి పని లేదనుడు. నేను ఊడ్సుకుంట ఇన్న. మా ఇంటాయన పేరు రాకముందే తుడిసేసిన."

"విన్నవా సేటూ?" అన్నాడు జంగప్ప. "దుమ్ము జబ్బుకు పరిహారమియ్యాలని కానూనున్నది. వాళ్లు అడగకముందే ఇంటికి పంపినవు. ఈమెను తీసేస్తే ఆ సంగతంతా కోర్టు కచేరీల చెప్పాల్సొస్తది."

చంద్రప్ప రాజేందర్ వైపు తిరిగాడు. "డాక్టరూ, బొమ్మ చూస్తే మనిషి నీకు యాదికొస్తడు గద. పేర్లు మళ్ల రాయి."

నిజమే. ప్రతి ఊపిరితిత్తీ రాజేందర్‌కు కంఠస్థం. రాస్తే పతకం చేతికొచ్చినట్టే.

"యాదికి రావు సేటూ," అన్నాడు తల వంచుకుని.

చంద్రప్ప విసురుగా వెళ్లిపోయాడు. భాగమ్మ రాజేందర్‌కు ఎదురుగా వచ్చింది.

"మా ఆయనది ఎట్లున్నది సారూ? సేటుకు అందరియి చెప్తివి. మాకెవ్వరికి చెప్పకపోతివి."

రాజేందర్ చెవులు మండిపోయాయి. పుస్తకాలు చదివాడు, సూదులు గుచ్చాడు, రక్తం తీశాడు. ఆ రక్తం ఎవరిదో వాళ్లకు ఒక్క మాట చెప్పాలన్న ఊహే రాలేదు. ఒక ఫిలిం తీసి, వాకిట్లో బాలప్ప పక్కన నేల మీద కూర్చుని ఎండకు ఎత్తి పట్టాడు.

"గిది నీది. గీ తెల్ల మచ్చలు దుమ్ము చేసినయి."

బాలప్ప ఆ మచ్చల మీద వేలు పెట్టాడు. "పని ఇడిసిపెట్టాల్నా?"

"ఇడిసిపెట్టాలె."

"మరి ఏం తినాలె సారూ?"

రాజేందర్ ఫిలిం దించాడు. "పరిహారం అడుగుర్రి. నేను సాక్ష్యమిస్త. దీని మీద పేరు రాయాల్నా వద్దా, నువ్వే చెప్పు."

"నాదొక్కటేనా? పెద్దేముల్ ఊర్ల, పని పోయిన ఆ ముగ్గుర్ని గూడ అడుగు. నడువు."

బాలప్ప ముందు, రాజేందర్ వెనక. కొంతదూరం పోగానే బాలప్ప ఆయాసంతో ఆగాడు. రాజేందర్ కూడా ఆగాడు. దాటి ముందుకు పోయే ధైర్యం, పక్కన నిలబడి ముఖంలోకి చూసే ధైర్యం అతనికి లేవు.