వెండ్లా వేసిన లైటు

"మీ ఆవిడ ఐలి రక్తం కువోపియో ల్యాబ్‌లోనే ఉంది, తౌనో," అంది గూఢచారి శాఖ చీఫ్ హిల్క. "అందుకే ఈ పని నీకిస్తున్నా."

హై బి.పి.కి కొత్తగా వచ్చిన మాత్ర వేసుకుంటూ ఐలి చనిపోయింది. పోయింది బి.పి. వల్లే అంది మాత్ర తయారుచేసిన కంపెనీ. అంత్యక్రియల నుంచి తౌనోకి ఏమీ అనిపించడం లేదు. పళ్ళ డాక్టరు మత్తు సూది పొడిచిన దవడలా ఉంది మనసు.

"బి.పి. ఎక్కువున్న ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే అదుపు తప్పిన ఆక్సిజన్ దాడి, డి.ఎన్.ఎ.ని ఎలాగూ కొరుకుతుంది. ఆ మాత్ర దాన్ని ఇంకా పెంచిందని అనుమానం. మాత్రకి ముందు తీసిన ఐలి రక్తం, చివరిసారి తీసిన రక్తం, రెండూ ఇవాళ పోల్చి చూస్తారు. అది చెడగొట్టడానికి, ఆ కంపెనీ తరఫున, ఓ విదేశీ ముఠా దిగింది. చెడితే మళ్ళీ దొరకదు. స్టాక్‌హోమ్ నుంచి మన ఏజెంట్, డాక్టర్ వెండ్లా, నీకు సాయం."

"కోడ్?"

"కాఫీలో ఉప్పేస్తారా అంటుంది. డాక్టర్ వద్దన్నాడు అను."

కువోపియో ల్యాబ్‌లో తౌనో క్లీనర్ వేషంలో నేల తుడుస్తున్నాడు. ఒకటే మసక పసుపు బల్బు. ఐసు మీద, నల్ల మూత కింద, గాజు పలకలు. వెలుతురు తగిలితే వాటి మీది కణాల్లో డి.ఎన్.ఎ. చిట్లుతుంది. అప్పుడు ఏది మాత్ర పాపమో, ఏది లైటు పాపమో తేలదు. అందుకే అక్కడ అందరూ తడుముకుంటూ పనిచేస్తారు.

తలుపు తెరుచుకుంది. బొచ్చు కోటు, ఎర్రటి పెదాలు, ఘుమ్మని సెంటు.

"కాఫీలో ఉప్పేస్తారా?"

"డాక్టర్ వద్దన్నాడు."

"అబ్బ, ఏం చీకటయ్యా బాబూ!" అంటూ వెండ్లా టక్కున ట్యూబ్‌లైట్ వేసింది.

తౌనో చేయి ఆగింది. ఈ పని తెలిసినవాళ్ళెవరూ పొరపాటున కూడా ఆ స్విచ్ ముట్టరు. అప్పటికే ఆమె మూత మీద చెయ్యేసింది. రెండో చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన ఊదారంగు వెలుగు.

మూత లేవబోతుండగా తౌనో దాని మీద బోర్లా పడ్డాడు. ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదలవయ్యా! ఇది వాటి మీద చూపిస్తే చాలన్నారు. ఎందుకో నాకేం తెలుసు?"

"డాక్టరమ్మవి కదా, తెలియాలి," అన్నాడు తౌనో, కోపం కూడా లేకుండా.

ముఠా పంపిన ఆ దొంగ డాక్టరమ్మను గార్డులు తీసుకుపోయాక, ట్యూబ్‌లైట్ ఆర్పి టెస్టు సాగించారు. చిట్లిన డి.ఎన్.ఎ. మైక్రోస్కోపులో తోకలా కనిపిస్తుంది. మాత్రకి ముందు ఐలి కణాలకి చిన్న తోక. తర్వాత బారెడు.

"తేలిపోయింది. ఇక ఆ మాత్ర ఎవరూ మింగరు," అంది అప్పుడే ల్యాబ్‌కి వచ్చిన హిల్క. కాస్త ఆగి, "ఇప్పుడైనా ఏడువు, తౌనో. చీకటేగా, ఎవరూ చూడరు."

తౌనో మైక్రోస్కోపు మీంచి కళ్ళు తీయలేదు.

"డాక్టర్ ఉప్పు వద్దన్నాడు, మేడం."