ఉలిగప్ప మగ్గం గుంత

పెనుకొండ దోవలో ధర్మవరం ముగిసే కాడ, గుట్ట కింద ఒక రాతి మిద్దె ఉండె. దాని పేరెత్తితే చాలు, మా ఊరి మొగోళ్లు కూడా బీడీ ఆర్పేసి మాట మారుస్తాండ్రి.

పొద్దు మునిగినాక ఆ దోవన పోవాలంటే నలుగురు కలిసి పోతాండ్రి. ఒంటిగా పోవాల్సొస్తే గుట్ట చుట్టుకోనన్నా పోతారు గాని, ఆ ఇంటి ముందర అడుగు పెట్టరు. ఎందుకంటే... రాత్రిపూట ఆడ మగ్గం ఆడే చప్పుడు వస్తాండె. ఆ ఇంట్లో మనిషి లేడు. మగ్గం కూడా లేదు. మగ్గం కింద తవ్విన గుంత ఒకటే మిగిలుండె.

ఇదంతా నాకు చెప్పింది మా చిన్నాయన కుళ్ళాయప్ప. ఆయప్ప అబద్ధమాడే రకం కాదు. ఆడినా నిలబెట్టుకునే తెలివి లేదు. విన్నది విన్నట్ల చెప్తాండా. నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఇష్టం. నడుమ అడ్డమాటలు మాత్రం వద్దు.

ఆ మిద్దె ఉలిగప్పది. మా చిన్నాయనకు జతగాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చోని నేత నేర్చినోళ్లు. మా నేసేవాళ్లల్లో అమావాస్యనాడు మగ్గం ముట్టరు. పోగు దాటించే నాడె పట్టరు, గుంతలోకి కాలు దించరు. ఎప్పటి నుంచి అంటే నన్నడగొద్దండి, మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిన మాట అది.

ఉలిగప్ప ముట్టినాడు. ఒక పెండ్లి చీర తెల్లారేసరికి, పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారుకు ఇయ్యాల. మూరెడు మిగిలిపోయింది. మూరెడుకు దేవుడు అలుగుతాడా అని నవ్వి, అమావాస్య రాత్రి గుంతలోకి దిగినాడంట. తెల్లవారుజామున పెండ్లాం సిద్ధమ్మ నూలు చుట్టిన కండెలు తీసుకోనొచ్చి చూస్తే... చీర మీదికి వాలిపోయి ఉండాడు. పిలిస్తే పలకలా.

చచ్చినోడు వాలిన చీర నాకొద్దు అన్నాడు షావుకారు. మూరెడు తక్కువగానే దాన్ని కోసి, సిద్ధమ్మ పెట్టెలో పెట్టుకునింది. ఆ ఇంట్లో ఉండలేక, మగ్గం ఊడదీసుకోని, మామ నారాయణప్పతో వెనకాల గుడిసెలోకి మారింది. ముసలాయన నేస్తాడు, కోడలు కండెలు చుడుతుంది, ఇద్దరి కడుపూ అట్ల గడుస్తాండాది... ఊరికి తెలిసింది ఇంతే.

అరవై నాలుగో సంవత్సరంలో హైదరాబాదు నుంచి ఒక జీపు వచ్చింది. అందులో ఒక ఆఫీసరు సారు. కోస్తా మనిషి, పల్చగా, నిద్రలేని కండ్లతో ఉండె. మనకు వైద్యం చేసే ఆచారి నాడి చూసినట్ల, వాళ్ల ఆఫీసు భూమికి నాడి చూస్తాదంట. యాడో వెయ్యి మైళ్ల అవతల భూమి అదిరినా, బండ మీద పెట్టిన వాళ్ల మిషను ముల్లు ఈడ కదులుతాదంట. దేశమంతా తిరిగి అట్లాంటివి పెడతాండారంట.

సారుకు కావాల్సింది మనుషులు తిరగని చోటు, కింద గట్టి బండ. మా వీధులన్నీ తిరిగినాడు. ఇంటింటికీ మగ్గమే, చెవుల్లో వేలు పెట్టుకోని బయటపడినాడు. ఈ మిద్దెలోకొచ్చి మగ్గం గుంతలోకి దిగి, కాలితో తట్టి చూసినాడు. కింద బండ! తవ్వే పని కూడా లేదు.

ఈ ఇంటికి దెయ్యం పేరు ఉండాది సార్ అని మా చిన్నాయన నసిగినాడు. "మరీ మంచిది. మనుషులు రారు," అన్నాడంట సారు.

మా చిన్నాయనకు అప్పటికే చూపు ఆనక, పట్టుపోగు కనపడక, మగ్గం దిగేసి ఉండాడు. ఆ మిషనుకు కాపలా పని ఆయప్పకే దొరికింది. గుంతలో మిషను. దానికి ఒక డబ్బా మాదిరి రోలరు, గడియారం తిప్పుతాంటే మెల్లగా తిరుగుతాది. రోలరుకు మసి పట్టించిన కాగితం చుట్టాల. ముల్లు ఆ మసిని గీరుకుంటా పోతే తెల్లగీత పడుతుంది. రోజూ పొద్దున ఎనిమిదికి కొత్త కాగితం చుట్టి, పాతదాన్ని లక్క నీళ్లలో ముంచి ఆరబెట్టి, హైదరాబాదుకు టపాలో పంపాల. ముంచకుంటే మసి నిలవదు, చెయ్యి తగిలితే చెరిగిపోతాది. అంతే పని. రాత్రి ఆడ పడుకోవాల్సిన పని లేదు, పడుకోమన్నా ఆయప్ప పడుకోడు.

పదిదినాలకు సారు కాడ నుంచి జాబు వచ్చింది. అందులో ఇట్ల రాసుండె: పగటి గీతలు ఎట్లాగూ పనికిరావు, ఊరంతా కదులుతూంటుంది. రాత్రి గీతలే మాకు ముఖ్యం. కాని రోజూ రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏదో అదురుతోంది. చుట్టూ రెండువందల గజాల్లో ఏం కదులుతోందో నేనే వచ్చి ఒక రాత్రి కూర్చుని పట్టుకుంటాను, ఎవరిదైనా సరే ఆపిస్తాను. ఎప్పుడు రమ్మంటావో రాయి.

మా చిన్నాయన ఆ పొద్దటి కాగితం తీసుకోని ఎండలోకొచ్చినాడు. ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకోని చూసినాడు. గీత తిన్నగా వచ్చి, వచ్చి... ఒక కాడ ఎగిరింది. రెండు పెద్దవి, ఒకటి చిన్నది. మళ్లీ రెండు పెద్దవి, ఒకటి చిన్నది...

మీకు తెలుసో లేదో, నేతలో పోగు దాటినాక పలకతో దగ్గరికి కొడతారు. ఆ దెబ్బ ఒక్కో చేతికి ఒక్కో మాదిరి. కండ్లు మూసుకోని వీధిలో పోతా, ఇది ఓబన్న మగ్గం, ఇది అంజనప్ప మగ్గం అని చెప్పేవాళ్లుండారు మాలో. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా... ధర్మవరం మొత్తానికీ ఆ దెబ్బ ఒక్కడిదే.

ఉలిగప్పది.

ఆ కాగితం చూసినాక మా చిన్నాయనకు రెండు దినాలు అన్నం సయించలా. మూడో రాత్రి, జతగాడే కదా, నన్నేం చేస్తాడులే అనుకోని, హనుమంతుని తలుచుకోని బయల్దేరినాడు.

ఒంటిగంట దాటింది. దోవలో కుక్క కూడా లేదు. మిద్దె నల్లగా నిలబడుండాది. దగ్గరికి పోయేకొద్దీ వినపడింది... టక్, టక్... టప్. టక్, టక్... టప్. ఆయప్ప గోడ పట్టుకోని, ఊపిరి బిగబట్టి, తలుపు సందులో చెవి పెట్టినాడు. లోపల చప్పుడు లేదు.

చప్పుడు వెనక నుంచి వస్తాండాది.

గోడ వెంబడే పాక్కుంటా పోయినాడు. గుడిసె తడిక సందుల్లో సన్నగా దీపం. కన్ను పెట్టి చూసినాడు. గుంతలో కాళ్లు దించి, కొంగు నడుముకు దోపుకోని... సిద్ధమ్మ. నారాయణప్ప పక్కన మంచంలో పడుకోని, వణికే రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకోని చూస్తాండాడు.

మా చిన్నాయనకు ఏడుపొచ్చింది. భయం పోయినందుకో, ఆమెను చూసినందుకో తెలియదంటాడు. మెల్లగా పిలిచినాడు. సిద్ధమ్మ నాడె వదిలేసి, దీపం అరచేత్తో కప్పింది.

"అరవద్దు కుళ్ళాయప్పా. మామ చేతులు పట్టు తప్పి నాలుగేండ్లాయె. షావుకారుకు తెలిస్తే మగ్గం మీద కట్టిన పడుగు పోగులు కోసుకోని పోతాడు. మగడు పోయినదాని చెయ్యి తగిలిన చీర పెండ్లికి ఎవురు కడతారు చెప్పు?"

నిజమే, కట్టరు. మాలో ఆడది కండెలు చుట్టొచ్చు, గంజి పెట్టొచ్చు, మగ్గం మీద మాత్రం కూర్చోకూడదు. అందులోనూ ముండమోసింది! ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు మండుతాది. నాలుగేండ్లు ఆమె నేసిన చీరలు కట్టుకోని ఎంతమంది పీటల మీద కూర్చోలా? ఏ ఒక్కదాని తాళన్నా తెగిందా? పోనీలే, నా కోపం నాతోనే.

ఆ దెబ్బ ఎట్ల వచ్చింది వదినా అని అడిగినాడంట మా చిన్నాయన. పన్నెండేండ్లు ఆయన పక్కన కూర్చోని కండెలు చుట్టినదాన్ని, ఇంగో దెబ్బ నాకు యాడ తెలుస్తాది అనిందంట.

సారు జాబు సంగతి చెప్తే ఆమె మొగం తెల్లబోయింది. సారు చెడ్డోడు కాదు. కాని వచ్చి గుడిసె తలుపు తట్టినాడంటే, పొద్దునకల్లా ఊరికి తెలుస్తాది, సాయంత్రానికి పడుగు పోతాది. ఆ పడుగు పోతే ఇద్దరికీ సంగటి ముద్ద లేదు.

మా చిన్నాయన జన్మలో ఒక్కసారి తెలివిగా ఆలోచించినాడు. అదీ అరకొరగానే అనుకోండి. సారుకు జాబు రాసినాడు. వచ్చే అమావాస్యకు రండి సార్, ఆ రాత్రి దోవన బండ్లు కూడా తిరగవు, అంతా బాగా తెలుస్తాది అని. ఎట్లాగూ ఆ పొద్దు సిద్ధమ్మ మగ్గం ముట్టదు. గుడిసెలో దీపం ఉండదు. సారు ఒక రాత్రి కూర్చోని, ముల్లు కదలకపోతే, ఇన్నాళ్లూ అదిరించింది ఏ గూడ్సు బండో అనుకోని పోతాడు. నేసేవాడు ఎవడైనా సరే, అమావాస్యనాడు మగ్గం ముట్టడని మా చిన్నాయన తలకాయ పందెం కాసేవాడే.

సారు వచ్చినాడు. ఆ రాత్రి ఇద్దరూ గుంత పక్కన గోనెసంచి పరుచుకోని కూర్చున్నారు. చిన్న లాంతరు. గాలి లేదు. గడియారం ఒకటే టిక్కు టిక్కుమంటాండె.

పన్నెండయింది. గీత తిన్నగా పోతాండాది. ఒకటయింది. తిన్నగానే. మా చిన్నాయనకు ధైర్యమొచ్చి, చూసినారా సార్, ఏం లేదు అని కూడా అనేసినాడు. సారుకు ముల్లు మీదనే కన్ను.

రెండయింది...

ముల్లు ఎగిరింది.

రెండు పెద్దవి. ఒకటి చిన్నది.

చప్పుడు లేదు. ఇంట్లో లేదు, బయట లేదు. ముల్లు మాత్రం మసిని గీకుతాండాది. రెండు పెద్దవి... ఒకటి చిన్నది...

"వెనక గుడిసెలో ఎవరుంటారు?" అని సారు లేచి టార్చి తీసుకున్నాడు.  ఎంత పని చేసినావు వదినా, ఈ ఒక్క రాత్రి ఆగలేకపోతివా అని మనసులోనే తిట్టుకుంటా మా చిన్నాయన సారు వెనక పరిగెత్తినాడు. ఒద్దు సార్, ముసలోళ్లు సార్ అంటే సారు వినలా. తలుపు నెట్టేసినాడు.

టార్చి వెలుగులో ముందు మంచం కనపడింది. సిద్ధమ్మ మంచం కింద కూర్చోని, మామ కాళ్లు ఒత్తుతాండాది. మగ్గం మీద తెల్లగుడ్డ కప్పుండాది. సారు గుడ్డ తీసి, పడుగు మీద అరచెయ్యి పెట్టినాడు. చానాసేపు అట్లనే పెట్టి నిలబడినాడు. పోగు కదలలా.

 సారు వెనక్కి తిరిగి మిద్దెలోకి నడిచినాడు. ఏమయిందని సిద్ధమ్మ కూడా వెంట వచ్చింది. ఆ మిద్దెలోకి ఆమె రావడం అదే, ఇన్నేండ్ల తర్వాత.

ముల్లు ఇంకా ఆడతాండాది.

ముగ్గురూ ఆడనే ఉండారు. ఊరంతా మగ్గాలకు గుడ్డలు కప్పి పడుకునుండాది. అప్పుడు తట్టింది మా చిన్నాయనకు, ఆ మట్టిబుర్రకు. అమావాస్యనాడు మగ్గం ముట్టడని ఏ నేతగాని మీదైనా ఒట్టు పెట్టొచ్చు... ఒక్కని మీద తప్ప.

సిద్ధమ్మకు చదువు రాదు. ఆ మిషను ఏందో కూడా తెలియదు. గుంత అంచున మోకాళ్ల మీద కూర్చోని, ముల్లు ఎగిరినప్పుడల్లా తల ఊపుకుంటా చూసింది. రెండు... ఒకటి. రెండు... ఒకటి.

"మూరెడే కదా," అనింది, చంటిబిడ్డకు చెప్పినట్ల. "నిదానంగా కానీ."

నాలుగు కొట్టేముందర ముల్లు ఆగింది. రవ్వంతసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక్కటి, ఒకే ఒక్కటి పెద్దది పడింది. ఆపైన గీత తిన్నగా పోయింది. చీర ముగించినాక మా వాళ్లు పలకను అట్లనే ఒకసారి గట్టిగా కొట్టి లేస్తారు.

తెల్లారి ఆ కాగితాన్ని మా చిన్నాయన లక్క నీళ్ల కాడికి తీసుకోనిపోతాంటే, సారు చెయ్యి అడ్డం పెట్టినాడు. "దాన్ని ముంచొద్దు కుళ్ళాయప్పా," అన్నాడంట.  తన అరచేత్తోనే దాన్ని తుడిచేసి, చేతికంటిన మసిని చూసుకుంటా కూర్చున్నాడంట. వారంలోపల మిషను పెనుకొండ కొండ కిందికి మార్చినారు. మా చిన్నాయన కూడా దాని వెంటే పోయి, రిటైరు అయ్యేదాకా ఆడనే పని చేసినాడు. సిద్ధమ్మ పడుగు జోలికి ఎవరూ రాలా. దెయ్యం మిద్దె పక్కకు రాత్రిపూట వచ్చి చూసే మొగోడెవుడు?

ఇంగొక సంగతి. ఉలిగప్ప నేసిన ఆ చీర పెట్టెలో ఉండాదని చెప్పినా కదా. తీసి కొలిచి చూడు వదినా, మూరెడు తక్కువుందో, నిండిందో అని మా చిన్నాయన ఎన్నోసార్లు పోరినాడంట. ఆమె కొలవలా. "కొలిచి తక్కువొస్తే నేను తట్టుకోలేను కుళ్ళాయప్పా," అనిందంట.

పోయే ముందర ఆమె ఆ పెట్టె మా చిన్నాయనకు ఇచ్చింది, ఆయప్ప నాకు ఇచ్చినాడు. ఇప్పుడు అది మా ఇంట్లోనే, మంచం కింద ఉండాది. మూరకట్టె కూడా గోడకే ఆనించుండాది. నేనూ కొలవలా.