సెయింట్ థామస్‌లో మాఘస్నానం

"ఆ మనిషి రేపు ఓడ ఎక్కుతున్నాడు. తిరిగి దిగుతాడో లేదో నీ మీద ఉంది," అన్నాడు కల్నల్ బ్రాడీ.

మయామీ రేవు పక్కన, తలుపు మీద ఏ బోర్డూ లేని ఆఫీసు. 1983. ఏజెంట్ జగదీష్ ఎదుట రెండు ఫొటోలున్నాయి. మొదటిది దామోదర్‌ది. ఉండేది జెర్సీ సిటీలో. జలాంతర్గాములు ఎంత లోతున దాగినా చెవికి పట్టిచ్చే మిషన్ ఒకటి నేవీ కోసం డిజైన్ చేసిన ఇంజనీర్. ఆ డిజైన్ కాగితం మీద సగమే ఉంది. మిగతా సగం ఆయన బుర్రలో ఉంది. కాబట్టి శత్రువులకు కావలసింది కాగితం కాదు, మనిషే.

"భార్యతో కరీబియన్ క్రూజ్‌కు వెళ్తున్నాడు. వద్దన్నాం, వినడు. పెళ్లై ఇరవై ఏళ్లట. సెయింట్ థామస్ దీవిలో ఓడ ఒక పగలంతా ఆగుతుంది. మనుషుల్ని ఎత్తుకుపోయే కమడోర్ అనేవాడి ముఠా అక్కడే పడవలో కాచుకుని ఉంటుంది. పట్టుకుపోయారంటే ఇక ఆయన్ని మనమెవరం చూడం."

"ఓడ దిగకుండా ఆపితే?"

"ముఠా తప్పించుకుంటుంది. మూడేళ్లుగా వెతుకుతున్నాం." బ్రాడీ రెండో ఫొటో జరిపాడు. "ఓడలో మన మనిషి ఒకతి ఉంది. ఎలెన్. షోర్ ఎక్స్‌కర్షన్ కౌంటర్‌లో, అంటే ఒడ్డు మీద టూర్లు బుక్ చేసే చోట, పనిచేస్తుంది. ఫ్రెంచి పిల్ల, మార్సేలో పెరిగింది. అయిదు భాషలొచ్చు. ఆమె దగ్గర మనమిచ్చిన లిప్‌స్టిక్ బీకన్ ఉంది. అడుగు తిప్పితే సిగ్నల్ వెళ్తుంది."

ఫొటోలోని పిల్ల సినిమా తారలా ఉంది. జగదీష్ చూశాడు, ఫొటో తిరిగిచ్చాడు. అంతే.

బ్రాడీకి కారణం తెలుసు. కిందటేడు వియన్నాలో జగదీష్ కాపలా కాసిన మనిషి అతని ఒళ్లోనే ప్రాణం వదిలాడు. ఆనాటి నుంచి జగదీష్ మనసు తిమ్మిరెక్కిన కాలులా అయిపోయింది. గిల్లినా తెలియదు, గోకినా తెలియదు. తిండి తింటాడు, రుచి అడిగితే చెప్పలేడు. నిద్ర పోతాడు, లేచాక పోయినట్టు ఉండదు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. గడియారానికి మనసెందుకు?

"వెళ్తాను సార్," అని లేచాడు.

*

జగదీష్ షికాగో నుంచి వచ్చిన పళ్ల డాక్టర్‌గా వేషం కట్టి ఓడ ఎక్కాడు. దామోదర్‌కు సంగతి తెలుసు. ఆయన భార్య అనంతలక్ష్మికి తెలియదు. ఆవిడకు తెలిసిందల్లా ఒకటే: ఇన్ని వందల మంది దొరల మధ్య తెలుగు మాట్లాడే మనిషి ఒకడు దొరికాడు. ఎక్కిన సాయంత్రానికే అతను "తమ్ముడు" అయిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం డెక్ మీద భోజనానికి కూర్చున్నారు. ఓడ తరఫున వాళ్ల బల్లకు హోస్టెస్‌గా ఎలెన్ వచ్చింది. పచ్చ గౌను, నల్ల కళ్లద్దాలు. జగదీష్ పక్కన కూర్చుంటూ ఇంగ్లీషులో నెమ్మదిగా, "ఉత్తరపు నీళ్లు వెచ్చగా ఉంటాయా?" అంది. కోడ్ వర్డ్.

"మధ్యాహ్నం దాటాక ఈదేవాళ్లకు," అన్నాడు అతను. లెక్క కుదిరింది.

ఎలెన్ దీవి మ్యాప్ పరిచి నవ్వింది. "ఓడ తరఫున టూర్ బస్సులున్నాయి. బుక్ చేయమంటారా?"

"అవేవీ వద్దని చెప్పండి ఈ పిల్లతో," అంది అనంతలక్ష్మి భర్తతో తెలుగులో. "బస్సెక్కించి కొట్ల చుట్టూ తిప్పుతారు. రేపు మాఘపౌర్ణమి. నేను సముద్రస్నానం చెయ్యాలి. జెర్సీ సిటీలో ఈ నెల్లో నీళ్లలో కాలు పెడితే కాలు తిరిగొస్తుందా? ఇన్నేళ్లకి వెచ్చటి సముద్రం దొరికింది."

"అట్లాగేలేవే," అన్నాడు దామోదర్. ఎలెన్ వైపు తిరిగి ఇంగ్లీషులో, "మేం సొంతంగా తిరుగుతాం. ఊళ్లో చిన్న షాపింగ్, అంతే," అన్నాడు.

ఆ తర్వాత వాళ్లకు అలవాటైన పనే చేశారు. ఎదురుగా ఉన్న మనిషికి తెలియదు కదా అని, అసలు సంగతంతా తెలుగులో మాట్లాడేసుకున్నారు. లిఫ్టుల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రి క్యూల్లో అందరూ చేసేదే. ఎంత శిక్షణ పొందినా జగదీష్ కూడా చేశాడు. టాక్సీ మాట్లాడుకుందామని, తూర్పు వైపు రాళ్ల చాటున చిన్న బీచ్ ఉందని, జనం ఉండరని, ఎండ ముదరకముందే స్నానం ముగించి ఆఖరి లాంచీకి చాలా ముందే ఓడకు వచ్చేద్దామని.

"అవునుగానీ తమ్ముడూ, నీకింకా పెళ్లెందుక్కాలేదు?"

"తీరిక దొరకలేదక్కయ్యగారూ."

"తీరికేవిటయ్యా, పళ్లు పీకేవాడివేగా! ఈ బంగాళదుంపలు చూడు, చప్పిడి కూడు. పథ్యం తిండిలా ఉంది." అనంతలక్ష్మి ఎలెన్ వైపు అరచెయ్యి చాచింది. "సాల్ట్ ప్లీజ్ అమ్మాయ్!"

ఎలెన్ ఉప్పు డబ్బా తీసింది. ఆ అరచేతి దాకా తెచ్చింది. చేతిలో పెట్టకుండా, పక్కన బల్లగుడ్డ మీద పెట్టింది.

అనంతలక్ష్మి దాన్ని తీసుకుని చల్లుకుంది. దామోదర్ తన మానాన తను తింటున్నాడు. వాళ్లకందులో వింతేమీ కనబడలేదు. ఎందుకు కనబడుతుంది? వాళ్లింట్లో పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అంతే. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయి, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి.

జగదీష్ ఫోర్కు నోటి దాకా వెళ్లి ఆగింది. పదిహేనేళ్లుగా అమెరికాలో ఉన్నాడు. ఇన్నేళ్లలో ఏ దొరా, ఏ దొరసానీ ఉప్పు కింద పెట్టి ఇవ్వలేదు.

ఈ పిల్ల మార్సే పిల్ల కాదు. ఉప్పు చేతికివ్వని ఇంట్లో పెరిగింది. అంటే ఇంతసేపూ మాట్లాడిందంతా విన్నది.

గుండె దడదడలాడాల్సిన చోట అతనికి ఏమీ కాలేదు. నీళ్లు ఒక గుక్క తాగాడు. దామోదర్ వైపు తిరిగి తెలుగులో, ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు అన్నాడు:

"అన్నట్టు దామోదర్ గారూ, తూర్పు బీచ్ వద్దండి. అక్కడ కెరటాలు పెద్దవట. పడమటి కొసన కెరటాల్లేని చిన్న బే ఉంది. అక్కడికే పోదాం."

ఎలెన్ నల్ల కళ్లద్దాలు కదల్లేదు. ద్రాక్షపండు ఒకటి నోట్లో వేసుకుంది.

ఆ సాయంత్రం ఓడ రేడియో రూమ్ నుంచి ఆమె పేరిట ఒక టెలిగ్రామ్ వెళ్లింది. 'ఆంటీ ఆరోగ్యానికి పడమటి గాలి మంచిది.' జగదీష్ ముందే చెప్పి ఉంచిన రేడియో ఆపరేటర్ దాన్ని అతనికి చూపించాడు. జగదీష్ బ్రాడీకి రెండే ముక్కలు పంపాడు: పడమటి బేలో కోస్ట్ గార్డ్. తర్వాత డెక్ చివర దామోదర్‌ను కలిసి, "బల్ల దగ్గర చెప్పింది అబద్ధం. మనం వెళ్లేది తూర్పుకే," అన్నాడు.

"మా ఆవిడకు చెప్పనా?"

"చెప్పొద్దు. ఆవిడకు దిక్కులతో పని లేదు. నీళ్లుంటే చాలు."

కానీ ఒక చిక్కుంది. కమడోర్ జాగ్రత్త మనిషి. బ్రాడీ ఇచ్చిన బీకన్‌తోనే ఎలెన్ అతన్ని పిలవాలి; అది మోగిన చోటే దామోదర్ ఉన్నట్టు, మోగకపోతే పడవను ఒడ్డుకు తీసుకురాడు. అంటే ఆ బీకన్ పడమట మోగాలి.

*

తెల్లవారి లాంచీ దిగారు. అమెరికా జెండా ఎగిరే దీవే, కానీ బండ్లు మాత్రం మన దేశంలోలా ఎడమపక్కన నడుస్తాయి. ట్రక్కు మీద బెంచీలు వేసి, పైన రంగు గుడ్డ కట్టిన టాక్సీ మాట్లాడాడు జగదీష్. డ్రైవర్ పేరు జోసెఫ్. ఎలెన్ కూడా తయారైంది. "నాకివాళ సెలవు. గైడ్‌గా వస్తాను."

"అంతకన్నానా," అని జగదీష్ ఆమె బ్యాగు అందుకుని బండిలో పెట్టాడు. పెట్టేలోపే అందులోని లిప్‌స్టిక్ అతని జేబులోకి వచ్చింది, దాని స్థానంలోకి మామూలు లిప్‌స్టిక్ వెళ్లింది. చిన్న పిస్తోలు అక్కడే ఉంది. అందులో గుళ్లు మాత్రం లేవు.

దారి చీలిన చోట జోసెఫ్ తూర్పుకు తిప్పాడు. ఎలెన్ నోరు తెరిచింది, మూసింది. పడమటికి కదా అనాలంటే, ఆ మాట ఎక్కడ విందో చెప్పాలి. ఇంగ్లీషులో ఎవరూ ఆమెకా మాట చెప్పలేదు మరి!

బీచ్‌లో పురుగు లేదు. అనంతలక్ష్మి నీళ్ల ఒడ్డున పసుపు, కుంకుమ, కర్పూరం పెట్టుకుని భర్త ఉత్తరీయం కొంగు పట్టుకుంది. ఉదయం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. "ఏమండీ, తూర్పుకు తిరగండి. సూర్యుడికి వీపు పెడతారేం?"

జగదీష్ బీకన్ తిప్పి టాక్సీ సీటు కింద పెట్టాడు. "పడమటి బేకు వెళ్లి నా కోసం ఆగు, జోసెఫ్. ఇప్పుడే."

"యెస్ సార్."

అతను నీళ్ల వైపు నడిచాడు. దంపతులిద్దరూ నడుము లోతుకు దిగారు. దూరంగా రాళ్ల మలుపు దగ్గర మోటారు చప్పుడు. తెల్ల స్పీడ్‌బోటు. అది పడమటికి పోవాలి. పోలేదు. ముక్కు ఇటు తిప్పింది.

జగదీష్ వెనక్కి చూశాడు. టాక్సీ ఎక్కడిదక్కడే ఉంది! చెట్టు నీడన జోసెఫ్ కాగితం ప్లేటు ఒళ్లో పెట్టుకుని పులిహోర తింటున్నాడు.

"వెళ్లమన్నానా!"

"మేడమ్ తినకుండా కదలొద్దన్నారు సార్. ఈ పసుప్పచ్చ అన్నం చాలా బాగుంది. కారం కూడా."

ఉపవాసం ఉన్న మనిషి, ఊరూ పేరూ తెలియని బండివాడికి కడుపు నింపకుండా నీళ్లలోకి దిగలేదు. వాషింగ్టన్‌లో ఏ ప్లాన్ వేసినా ఇలాంటి మనుషుల్ని లెక్కలో వేసుకోరు.

ఎలెన్ ఒడ్డున నిలబడి లిప్‌స్టిక్ అడుగు తిప్పుతోంది. పడవ వస్తుంటే పని చేసిందనుకుని నవ్వింది. పడవలోని అయిదుగురూ కనబడుతున్నారు. ఇద్దరు డైవర్లు ఆక్సిజన్ సిలిండర్లు తగిలించుకుంటున్నారు. మునకలో ఉన్న మనిషిని కింద నుంచి లాగేస్తే, చూసేవాళ్లకు మునిగిపోయాడనే కనబడుతుంది.

రెండే దారులు. ఇక్కడ నిలబడి ఒక్క పిస్తోలుతో అయిదుగురిని ఆపడం. లేదా దామోదర్‌ను నీళ్లలో వదిలేసి బీకన్‌ను తీసుకుపోవడం. పడవ దాని వెంట రాకపోతే ఇది రెండో వియన్నా.

జగదీష్ ఎలెన్ మణికట్టు పట్టుకున్నాడు. "పద. బండెక్కు," అన్నాడు తెలుగులో.

ఆమె బ్యాగులోంచి పిస్తోలు తీసి నొక్కింది. టక్. మళ్లీ నొక్కింది. టక్.

"గుళ్లు నా జేబులో ఉన్నాయి. ఎక్కు."

బెంచీ ఇనుప కమ్మీకి ఆమె చేతిని బేడీతో తగిలించి స్టీరింగ్ అందుకున్నాడు. "హే మ్యాన్! నా బండి!" అని జోసెఫ్ ప్లేటుతో సహా లేచాడు. ప్లేటు మాత్రం వదల్లేదు.

బండి కొండ రోడ్డెక్కింది. కింద సముద్రమంతా కనబడుతోంది. అనంతలక్ష్మి మొదటి మునక వేసింది. పక్కన దామోదర్ తల మునిగింది, తేలింది. పడవ ఇంకా అటే పోతోంది. డైవర్ ఒకడు అంచు మీద కూర్చున్నాడు. జగదీష్ యాక్సిలరేటర్ తొక్కిపట్టి చూస్తూనే ఉన్నాడు. రెండో మునక. డైవర్ ముసుగు కిందికి లాక్కున్నాడు.

పడవలో ఎవడో చెయ్యెత్తాడు. చేతిలో చిన్న పెట్టె, బీకన్ దిక్కు చూపేది కాబోలు. ముసుగు వేసుకున్నవాణ్ణి భుజం పట్టి లోపలికి లాగారు. పడవ నురగ కక్కుతూ గిర్రున తిరిగింది. పడమటికి. బీకన్ వెంట.

ఎలెన్ అడిగింది. ఫ్రెంచిలో కాదు, ఇంగ్లీషులో కాదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఉప్పు కింద పెట్టావు."

ఆమె తన చేతి వంక అదెవరిదో అన్నట్టు చూసుకుంది. "యానాం మాది. చేతికిచ్చానంటే మా అమ్మమ్మ వేళ్ల మీద కొట్టేది. పదేళ్లప్పుడు నన్ను మార్సే పట్టుకుపోయారు. పేరు మార్చారు, దేవుణ్ణి మార్చారు. అన్నీ పోయాయనుకున్నా." బేడీ ఒకసారి లాగి చూసి, "నేనవతలివాళ్ల మనిషినని తెలిసీ తిట్టవేం? ఒక్క దెబ్బైనా కొట్టవేం?" అంది.

జగదీష్ తనలో వెతుక్కున్నాడు. కోపం లేదు, జాలి లేదు. "అమ్మమ్మ ఉందా ఇంకా?" అని మాత్రం అడిగాడు. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

"తెలీదు," అంది ఆమె. తల తిప్పుకుంది.

పడమటి బేలో పడవ ఇసుకకు తగిలేసరికి రాళ్ల చాటు నుంచి కోస్ట్ గార్డ్ బోట్లు వచ్చి చుట్టుముట్టాయి. కమడోర్ అనేవాడు పొట్టిగా, బట్టతలతో, ఎవరింటి పెదనాన్నో అన్నట్టున్నాడు. చేతులెత్తి నిలబడ్డాడు.

జగదీష్ తిరిగొచ్చేసరికి అనంతలక్ష్మి తడి జుట్టు ముడి వేసుకుని దద్ధోజనం వడ్డిస్తోంది. జోసెఫ్ రెండో వడ్డనలో ఉన్నాడు. దామోదర్ లేచి నిలబడి, జగదీష్ తలూపడం చూసి, మళ్లీ కూర్చుని ప్లేటు చాచాడు.

"ఎక్కడికి పోయావయ్యా చెప్పా పెట్టకుండా! ఆ పిల్లేదీ?"

"ఒంట్లో బాగాలేదంటే దింపొచ్చానక్కయ్యగారూ."

"పాపం, ఏం తిందో ఏమో. కూర్చో. నువ్వూ ఓ మునక వేసి తిను." ఆవిడ సముద్రం వంక చూసి నిట్టూర్చింది. "ఇందాక ఎవరో పడవేసుకుని గోలగోలగా వచ్చారు, మళ్లీ పోయారు. అంతే. జెర్సీ సిటీ వెళ్లాక అందరూ అడుగుతారు, దీవిలో ఏం చూశారని. ఏం చెప్పను? నీళ్లు, ఇసుక. చెప్పుకోడానికి ఒక్క విశేషం లేదు, నిద్రపోయే ఊరు!"

మధ్యాహ్నం రేవు దగ్గర టెలిఫోన్‌లో బ్రాడీ కేక పెట్టాడు. "పూర్తి రిపోర్టు కావాలి. ఆ దీవిలో ఏం జరిగింది?"

జగదీష్ సముద్రం వంక చూశాడు.

"నీళ్లు, ఇసుక, సార్. చెప్పుకోడానికి ఒక్క విశేషం లేదు."