కొరీన్‌కి ప్రత్యర్థి

ఎన్నికల మర్నాడు ఉదయం కొరీన్ గాన్యే కాలేజీలో ఎకనామిక్స్ పాఠం చెబుతుండగా ఫోన్ మోగింది. చేసింది ఊరి క్లర్క్ వెర్నా. కుక్కల లైసెన్సు సంగతి తప్ప వెర్నా ఎవరికీ ఫోన్ చెయ్యదు. కొరీన్‌కి కుక్క లేదు.

"అమ్మా కొరీన్, నువ్వు గెలిచావు," అంది వెర్నా.

"ఏం గెలిచాను?"

"రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యావు. రాజధాని కాంకార్డ్ వెళ్ళి ప్రమాణం చెయ్యాలి."

కొరీన్ చేతిలో సుద్దముక్క జారి కింద పడింది. ఆమె ఎన్నికల్లో నిలబడనేలేదు. తమ ఊరు స్టార్క్‌వెల్ నుంచి ఎప్పుడూ నిలబడే ముసలాయన ఈసారి మానుకున్నాడు. ఆయన బదులు ఎవరూ ముందుకు రాలేదు. బ్యాలెట్ మీద పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత మిగిలింది. ఆ గీత మీద జనం తమకు తోచిన పేరు రాయవచ్చు. ఊళ్ళో సగం మంది కొరీన్ పేరే రాశారు.

నా పేరు వాళ్ళకి ఎవరు చెప్పారని అడిగితే వెర్నా కాసేపు నీళ్ళు నమిలింది. చివరికి బయటపెట్టింది. ఆమోస్ లేవిట్ శనివారాలు ఊరవతల చెత్త పడేసే చోట గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి వాళ్ళకీ కొరీన్ పేరు అక్షరం అక్షరం నేర్పి పంపాడట.

ఆమోస్‌కి తన పొడ గిట్టదనే కొరీన్ ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

ఆమోస్ ఊరి రోడ్లు చూసే మనిషి. మంచు తొయ్యడం, గుంటలు పూడ్చడం, కల్వర్టులు బాగుచెయ్యడం అన్నీ అతని పని. మార్చిలో జరిగిన ఊరి సభలో, మంచు తోసే కొత్త బండి కావాలని అడిగాడు. అమ్మమ్మ దగ్గర ఉండడానికి అప్పుడే ఊరొచ్చిన కొరీన్ లేచి, నడిపేవాళ్ళు ఇద్దరే ఉన్న ఊరికి మూడో బండి దేనికని అరగంట సేపు మాట్లాడింది. ఊరంతా చెయ్యెత్తి బండి వద్దంది. ఆమోస్ టోపీ చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

క్లాసు అవగానే ఆమె నేరుగా అతని షెడ్డుకి వెళ్ళింది. లారీ కింద నుంచి రెండు బూట్లు కనిపించాయి.

"మీరేనా నన్ను గెలిపించింది?" అని బూట్లని అడిగింది.

"నేనే."

"నా మీద కసి తీర్చుకోవడానికా?"

ఆమోస్ బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. ముఖమంతా గ్రీజు. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. "ప్రొఫెసర్ గారూ, ఊరందరి ముందు నన్ను ఉతికి ఆరేశారు. అంత బాగా ఉతికే మనిషి ఊళ్ళో ఖాళీగా ఉండటమేమిటి? అక్కడైతే ఉతకడానికి నాలుగు వందల మంది ఉన్నారు."

ఇష్టం లేకపోతే ఒక కాగితం రాసిచ్చి తప్పుకోవచ్చని కూడా అతనే చెప్పాడు. తప్పుకోవాలనే ఆమె ఇంటికి వెళ్ళింది. అమ్మమ్మని ఆమె మెమే అంటుంది. మెమే అంతా విని, జీతమెంత అని అడిగింది. ఏడాదికి వంద డాలర్లని తెలిసి, ఇంత చదువుకీ తగిన ఉద్యోగం దొరికిందని నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుకి రోషం వచ్చి కొరీన్ ప్రమాణం చేసేసింది.

మొదటి ప్రసంగం ఘోరంగా పోయింది. గ్రాఫులు గాలిలో వేలితో గీసి చూపిస్తుంటే వెనక వరసలో ఒకాయన గురక పెట్టాడు. ఆ రోజు కొండ దారిలో మంచు ఎక్కువగా ఉందని ఆమోస్ తన సొంత ట్రక్కులో ఆమెను దింపి, పైన గ్యాలరీలో కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో ఎలా ఉందని అడిగింది.

"మార్చిలో నా మీద కోపంతో మాట్లాడారు కదా, అదే బాగుంది," అన్నాడు అతను.

"అప్పుడు నాకు కోపమేమీ లేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు వస్తోంది."

ఆమోస్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. అద్దం మీద మంచు తుంపర పడుతోంది, వైపర్లు దాన్ని తుడుస్తున్నాయి. అతని చెవి కింద చిన్న గ్రీజు మచ్చ ఉంది. అది తుడవాలని చెయ్యి ఎందుకు లేస్తోందో తెలియక కొరీన్ ఆ చేతిని కోటు జేబులో దాచుకుంది.

రెండేళ్ళు గడిచాయి. ఈసారి ఎన్నికల్లో బ్యాలెట్ మీద ఆమె పేరు అచ్చులోనే ఉంది, ఎదురు నిలబడినవాళ్ళు లేరు. ఇప్పుడు సభలో ఆమె లేస్తే పక్కవాళ్ళ మాటలు ఆగేవి. శాసనసభ ఉన్న రోజుల్లో కాలేజీ పాఠాలు సగానికి తగ్గాయి. ఆమోస్ ట్రక్కులో ముందు సీటు ఆమెదేనని ఊరంతా అనుకుంది. వాళ్ళిద్దరూ మాత్రం ఏమీ అనుకోలేదు, లేదా అనుకున్నది పైకి అనలేదు.

అప్పుడే ఆ బిల్లు వచ్చింది. కొండల్లో చిన్న ఊళ్ళన్నీ ఎవరి రోడ్లు వాళ్ళు చూసుకోవడం మాని, కౌంటీ మొత్తానికి ఒకే జట్టు పెట్టాలన్నది దాని సారం. రాసింది కొరీనే. ఎన్ని విధాల లెక్కవేసినా అదే మంచిదని తేలింది. అది నెగ్గితే ఆమోస్ ఉద్యోగం పోతుంది. అతనికి చెప్పాలనుకుంటూనే ట్రక్కులో వాతావరణం గురించి మాట్లాడింది. ఆ తర్వాతి వారం మెమే మోకాళ్ళ గురించి మాట్లాడింది.

ఆమోస్ ఆ బిల్లు మీద జనం అభిప్రాయాలు వినే బహిరంగ విచారణ ప్రకటనలో చూసి తెలుసుకున్నాడు. విచారణ రోజున కమిటీ గదిలోకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సాక్షి బల్ల దగ్గర అతను కూర్చోగానే కమిటీలో ఉన్న కొరీన్ ముందున్న కాగితాల్లోకి తల దించుకుంది.

"పేరు ఆమోస్ లేవిట్. స్టార్క్‌వెల్ రోడ్లు నేనే చూస్తాను. ఈ బిల్లుకి అనుకూలంగా మాట్లాడడానికి వచ్చాను."

ఇది నెగ్గితే మీ ఉద్యోగం సంగతేమిటని అధ్యక్షుడు అడిగాడు.

"పోతుందండి," అన్నాడు ఆమోస్.

కొరీన్ నీళ్ళ గ్లాసు అందుకోబోయి పక్కాయన కాఫీ తాగేసింది.

విచారణ అవగానే కారిడార్లో అతన్ని పట్టుకుంది. "నా కోసం ఇలాంటి త్యాగాలు చెయ్యమని మిమ్మల్ని ఎవరు అడిగారు?"

"మీ కోసమని ఎవరు చెప్పారు?" అన్నాడు ఆమోస్. కిందటి ఫిబ్రవరిలో తాను జ్వరంతో మంచం పట్టినప్పటి సంగతి చెప్పాడు. వెర్నా భర్తకి గుండె నొప్పి వచ్చింది. రెండో డ్రైవరు ఊరి ఆ చివర ఉన్నాడు, ఇక్కడ రోడ్డు మీద మోకాలెత్తు మంచు. పక్క ఊరి బండి మంచు తోసుకుంటూ పొలిమేర దాకా వచ్చి, అక్కడితో తమ రోడ్డు అయిపోయిందని తిరిగి వెళ్ళిపోయింది. అంబులెన్సు చాలాసేపు అక్కడే ఆగిపోయింది. ఆయన బతికాడు. బతక్కపోయినా ఆశ్చర్యం లేదు.

"బిల్లు పెట్టినందుకు నాకు కోపం లేదు, కొరీన్. నాకు చెప్పకుండా దాచారు. అందుకు కోపం ఉంది."

ప్రొఫెసర్ గారూ అనకుండా అతను ఆమెను పేరుతో పిలవడం అదే మొదటిసారి. పిలిచి, ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె బస్సులో ఇల్లు చేరింది.

బిల్లు నెగ్గింది. పత్రికలు ఆమెను మెచ్చుకున్నాయి. కొరీన్ మాత్రం ట్రక్కు చప్పుడు వినిపిస్తే చాలు, కిటికీ దగ్గరికి వెళ్ళేది. ప్రతిసారీ అది పాల బండి.

జూన్లో వెర్నా మళ్ళీ ఫోన్ చేసింది. "అమ్మా కొరీన్, ఈసారి నీకు పోటీ ఉంది. ఆమోస్ నామినేషన్ వేశాడు."

అతని ఇంటికి ఎలా నడిచి వెళ్ళిందో ఆమెకు తెలియలేదు. అతను వరండాలో కంచె కర్రకి రంగు వేస్తున్నాడు.

"పగ తీర్చుకుంటున్నారా?"

"లేదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర మాట్లాడాను కదా, నాకు నచ్చింది. పైగా చిన్న బడులు మూసేయాలని మీరు వేసిన ఓటు తప్పు. ఊరంతా తిరిగి అదే చెబుతాను." బ్రష్షు డబ్బాలో ముంచి ఆగాడు. "ముందుగా మీకు చెప్పాల్సింది. రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి, ధైర్యం చాలక తిరిగి వెళ్ళాను."

"అయితే మనిద్దరం ఒకటే," అంది కొరీన్. అతను తల ఊపాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది, కానీ పోటీ నుంచి ఎవరూ తప్పుకోలేదు.

అక్టోబరు వానల్లో ఆమె కారు బురదలో దిగబడిపోయింది. ఆమోస్ దాన్ని లాగుతూ, ఈ పూట వెళ్ళాల్సిన ఇళ్ళు ఇద్దరివీ ఒకటేగా అన్నాడు. అలా ఒకే ట్రక్కులో ఇద్దరు అభ్యర్థులు ఓట్లడిగారు. ఒక్కో గుమ్మం ముందు ఒకే గొడుగు కింద నిలబడి, బడుల గురించి పోట్లాడుకున్నారు. వాన తగ్గినా గొడుగు మూయాలని ఎవరికీ తోచలేదు.

ఆమోస్ కొద్దిపాటి తేడాతో గెలిచాడు.

ఓడినందుకు ఏడుపు రావాలి. టౌన్ హాల్లో అతని చెయ్యి పట్టుకుని ఊపుతుంటే, ఇక మీదట నాలుగు క్లాసులూ తనవేనని గుర్తొచ్చి కొరీన్‌కి గుండె తేలికపడింది. ఆ తేలికకి ఆమే బిత్తరపోయింది.

ఆదివారం మెమే ఆమోస్‌ని భోజనానికి పిలిచింది. ఓవెన్‌లో పంది మాంసం కూరిన రొట్టె కాలుతోంది. కొరీన్ బల్ల సర్దుతూ, ఇంత తక్కువ తేడాతో ఓడానంటే ఎవరో దగ్గరవాళ్ళే నాకు ఓటు వెయ్యలేదని సరదాగా అంది.

"నేనే వెయ్యలేదు," అంది మెమే, పిండి చేతులు తుడుచుకుంటూ.

కొరీన్ చేతిలో ఫోర్కులు బల్ల మీద జారిపడ్డాయి. "మెమే, నువ్వా?"

"నీ మొహం నీకు కనబడదు, నాకు కనబడుతుంది. కాంకార్డ్ నుంచి వచ్చిన రోజు వాడిపోయి ఉంటావు, పిల్లలకి పాఠం చెప్పి వచ్చిన రోజు పాట పాడతావు. ఆ అబ్బాయి దగ్గర్నుంచి వచ్చిన రోజు ఏం చేస్తావో చెప్పనా?"

చెప్పొద్దని కొరీన్ చెయ్యి అడ్డం పెట్టేలోపే తలుపు చప్పుడైంది. ఆమోస్ ఆ ఇస్త్రీ చొక్కాలోనే వచ్చాడు. ఏదో చెప్పాలని దారిపొడుగునా సిద్ధం చేసుకున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు. కొరీన్ ఇక ఏదీ దాచదలచుకోలేదు.

"ఆమోస్, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

నాలుగు వందల మంది ముందు మాట్లాడబోయే మనిషి గుమ్మంలోనే నోరు తెరిచి నిలబడిపోయాడు. చొక్కా గుండీ పట్టుకున్నాడు, వదిలేశాడు, మళ్ళీ పట్టుకున్నాడు.

"బడుల విషయంలో నా అభిప్రాయం మారదు," అన్నాడు చివరికి.

"నాదీ మారదు. నేను అడిగింది అది కాదు."

"చేసుకుంటాను," అన్నాడు ఆమోస్. వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాడు. కొరీన్ దగ్గరికి వెళ్ళి అతని చేతులు రెండూ పట్టుకుంది.

"తలుపు వెయ్యండి, చలి వస్తోంది," అంది మెమే, మూడో కంచం బల్ల మీద పెడుతూ.