వంకర రెక్క

సూట్‌కేసు సజ్జ మీది నుంచి కింద పడ్డప్పుడు రెండు చప్పుళ్లయ్యాయి. మొదటిది ధబ్బుమని. రెండోది చిన్నగా, చిటుక్కుమని.

మొదటి చప్పుడుకు కళ్యాణి వంటింట్లోంచి కదలలేదు. రెండో చప్పుడుకు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

“ఏం విరిగింది?”

“ఏం విరగలే,” అన్నాడు వినోద్, విరిగినదాన్ని వీపు వెనక దాచుకుంటూ.

“చూపించండి.”

చూపించాడు. అరచేయంత పల్చటి చెక్క రెక్క. నేల మీద పడి ఉన్న రాకెట్‌కు మూడు రెక్కలు ఉండాలి. రెండే మిగిలాయి.

మోచేతి పొడవే ఉన్నా అది నిజంగా ఎగిరే రాకెట్టు. కళ్యాణి కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. ఎనిమిదో తరగతి పిల్లలతో కలిసి చార్టు కాగితాన్ని గొట్టంగా చుట్టింది. సిరిసిల్లలో పుట్టింటివాళ్లు నడిపే సాంచాల, అంటే మరమగ్గాల దగ్గర్నుంచి నూలు చుట్టే అట్ట కోను తెచ్చి ముక్కుగా పెట్టింది. అక్కడి గుడ్డ ముక్కతోనే పారాచూట్ కుట్టింది. మందు నింపిన చిన్న ఇంజిన్ మాత్రం హైదరాబాద్ నుంచి వచ్చింది. రేపు ఆదివారం ఎగరేస్తామని పిల్లలు కోరుట్ల దగ్గరి తమ ఊరు ఇబ్రహీంపట్నమంతా చాటేశారు.

“దీపావళిది మిగిలిందేమో అనుకున్న,” అన్నాడు వినోద్.

“దీపావళి రాకెట్‌కు పారాచూట్ ఉంటదాండీ?” అని, కళ్యాణి రెక్కను లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

వినోద్ డాబా ఎక్కాడు. నిమిషంలో ఆమె ఫోన్ మోగింది.

“మేడమ్, మస్తు కోపం మీదున్నవా?”

“నీ మొకం! కిందేమున్నదో చూసుకోవద్దా? కండ్లు దోహాల మర్చిపోయి వచ్చినవా?”

“తెచ్చుకున్న. కస్టమ్స్ల చూపించి మరీ తెచ్చుకున్న.”

కళ్యాణికి నవ్వొచ్చింది. అదే ఆమె బాధ కూడా.

పెళ్లయిన మూడు వారాలకే వినోద్ దోహా వెళ్లి ఏసీ డక్టులు బిగించే పనిలో పడ్డాడు. రెండేళ్లు ఇద్దరూ ఫోన్లోనే తిట్టుకున్నారు, అలిగారు, కూర మాడిందని కూడా వీడియోలో చూపించుకున్నారు. నెల కిందట అతను సెలవు మీద వచ్చాడు. ఆ రోజు నుంచి ఒకే సీట్లో కూర్చున్న బస్సు ప్రయాణికుల్లా ఉన్నారు. ఫోన్లో ‘నువ్వు’ అనే కళ్యాణి ఎదురుగా ‘మీరు’ అంటుంది. ఫోన్లో ఆగకుండా మాట్లాడే వినోద్ ఎదురుగా “ఉప్పు” అని మాత్రం అంటాడు, అదీ ఉప్పు కావలసి వస్తేనే. మాట్లాడాలనిపిస్తే డాబా ఎక్కి వంటింటికి ఫోన్ చేస్తాడు.

వినోద్ నాన్నమ్మను ఇంట్లో అందరూ బాపమ్మ అంటారు. ఆమె మొదటి వారంలోనే అడిగింది. “ఒక్క కొంపల ఉండుకుంట ఫోన్లు చేసుకునుడేందిరా? నడుమ సముద్రమేమన్న ఉన్నదా?”

ఇప్పుడు తిరుగు ప్రయాణానికి సూట్‌కేసు కిందికి దిగింది. బుధవారం ఫ్లైటు.

“ఒక మాట చెప్పాలె,” అంది కళ్యాణి ఫోన్లో. “సిరిసిల్లల ఒక బడోళ్లు రమ్మంటున్నరు. రేపు చెప్పాలె. పోదామనుకుంటున్న.”

“మరి ఇక్కడ?”

“ఇక్కడేమున్నది? ఫోన్ల మాట్లాడుకునేదానికి అత్తగారిల్లే ఉండాల్నా? మా తల్లిగారింట్ల గూడ సిగ్నల్ మంచిగనే ఉంటది.”

అవతల చప్పుడు లేదు. లైను పోయిందేమోనని కళ్యాణి ఫోన్ చూసుకుంది. లైను ఉంది. మనిషే మాట్లాడటం లేదు.

అంతలో వాన దంచికొట్టింది. వాన రాకపోతే వినోద్ డాబా దిగేవాడో లేదో చెప్పలేం. కోడిపిల్లలా తడిసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“రెక్క ఇటియ్యి. క్విక్ గమ్ముతోని క్షణంల అతికిస్త.”

“అది పెళుసుగా ఉంటది. పైకి పోంగనే ఊడుతది. చెక్క గమ్మే పెట్టాలె. పట్టేదాక కదలకుండ పట్టుకోవాలె.”

“ఎంతసేపు?”

“పది నిమిషాలు. నేను గొట్టం పట్టుకుంట, మీరు రెక్క పట్టండి. ఈ పెన్సిల్ గీత మీదనే ఉండాలె. కొంచెం వంకరైనా రాకెట్ గిరగిర తిరుగుతది.”

పాత గమ్మును గరుకు కాగితంతో గీకేసి, కొత్తది సన్నగా రాసి, నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. నాలుగు చేతులూ రాకెట్ మీదే. మోకాళ్లు తగులుతున్నాయి. జరగడానికి లేదు, రెక్క కదులుతుంది.

వినోద్ జేబులో ఫోన్ మోగింది.

“మోగుతున్నది,” అంది కళ్యాణి.

“మోగనీ.”

“ఎత్తండి.”

“దేనితోని ఎత్తాలె? చేతులు రెండూ నీ కాడనే ఉన్నయి.”

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఇంట్లో ఇక వాన చప్పుడొక్కటే. మాట్లాడక తప్పని పరిస్థితి వచ్చిందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

“ఫోన్ల అయితే నీ మొకం అరచేయంత ఉంటది,” అన్నాడు వినోద్ చివరికి. “ఎదురుంగ అచ్చేసరికి... సైజు ఎక్కువైంది.”

“లావైననా?”

“గట్ల కాదు! ఫోన్ల నువ్వు నవ్వితే నేనే నవ్వించిన్నని తెలుస్తది. ఇక్కడ బాపమ్మతోని నవ్వుతవ్, పాలాయనతోని నవ్వుతవ్. నేను రాంగనే ‘మీరు’ అంటవ్. ఇన్‌స్పెక్షన్‌కు అచ్చిన సార్ లెక్క అనిపిస్తది. ఇగ ఏం మాట్లాడాలె?”

కళ్యాణి గొట్టాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

“ఫోన్ల ఉన్నామెతోని మీకు మస్తు మాటలుంటయి. నేను కనవడంగనే బందైతయి. ఒక్కోసారి ఆమె మీద నాకే కుళ్లు పుడ్తది.”

“ఆమె మంచిదే,” అన్నాడు వినోద్. “నన్ను ‘నువ్వు’ అంటది.”

కళ్యాణి చెంపలు ఎర్రబడ్డాయి. చేతులు ఖాళీ లేక ముఖం కప్పుకోలేకపోయింది.

“చాలు గానీ, నువ్వు రెక్క చూడు,” అంది.

తను ఏమందో ఆమెకు తెలియలేదు. వినోద్‌కు తెలిసింది. ఆ తర్వాత అతను రెక్కను చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

బాపమ్మ గుమ్మంలోకి వచ్చి, తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్న ఇద్దర్నీ చూసి కంగారుపడింది.

“అయ్యో, నెట్ పోయిందారా?”

మర్నాడు పొద్దున ఊరవతల, మక్కజొన్న కోసిన చెలక పొలంలో పిల్లలంతా, వాళ్లతో పాటు బాపమ్మా గట్టు వెనక నిలబడ్డారు. కళ్యాణి బ్యాటరీ, వైరు పట్టుకుని వాళ్ల ముందుంది. పారాచూట్ దిగితే పట్టుకోవడానికి వినోద్‌ను చెలక ఆ కొసకు పంపింది. అతను సిరిసిల్ల మాట ఇంకా ఎత్తలేదు. సూట్‌కేసు సగం సర్దే ఉంది.

పిల్లలు పది నుంచి వెనక్కి లెక్కపెట్టారు. కళ్యాణి మీట నొక్కింది.

రాకెట్ పైకి లేచింది. లేచి, బోరు వేసే బండి ఆకాశంలో గుంత తవ్వుతున్నట్టు గిర్రున తిరుగుతూ పోయింది. పిల్లలు అదే గొప్ప విద్య అనుకుని కేకలు వేశారు. కళ్యాణి ఒక్కతే కళ్లు చిట్లించింది. పారాచూట్ విచ్చుకుని రాకెట్ వినోద్ దగ్గర్లోనే వాలింది.

ఆమె ఫోన్ చేసింది.

“రాకెట్ ఎందుకు తిరిగింది?”

చెలక ఆ కొసన వినోద్ ఫోన్‌ను చూశాడు. కట్ చేశాడు.

కళ్యాణి ముఖం చిన్నబోయింది. ఫోన్లో కూడా మాటలు అయిపోయాయన్నమాట. సిరిసిల్లకు ఏం చెప్పాలో తేలిపోయిందనుకుంది.

తల ఎత్తేసరికి అతను నడిచి వస్తున్నాడు. రాకెట్ చంకలో ఉంది. రాత్రి వానకు నానిన మట్టిలో ఒక చెప్పు దిగబడింది. దాన్ని అక్కడే వదిలేసి వచ్చాడు.

“ఎందుకు కట్ చేసినవ్?”

“ఎదురుంగ చెప్దామని.” ఊపిరి తీసుకున్నాడు. “రెక్క వంకర అతికింది.”

“గీత మీద పట్టుమన్న కదా. గీత చూడలేదా?”

“చూడలే.”

“మరి పది నిమిషాలు ఎటు చూసినవ్?”

వినోద్ చెవులు ఎర్రబడ్డాయి. గట్టు వెనక పిల్లలున్నారు, బాపమ్మ ఉంది. డాబా మాత్రం చాలా దూరంలో ఉంది.

“నిన్ను,” అన్నాడు.

“సైలెన్స్!” అంది కళ్యాణి పిల్లలవైపు తిరిగి. వాళ్లు అప్పటికే ఊపిరి బిగబట్టి ఉన్నారు.

“సిరిసిల్లకు పోకు,” అన్నాడు వినోద్. “ఇంక ఆర్నెల్ల కాంట్రాక్టు మిగిలున్నది, పోక తప్పదు. అటెనుక జగిత్యాలలనే ఏసీల పని చూసుకుంట. గప్పటిదాక ఫోనే. కానీ గా ఫోను మనింట్ల కూసొని ఎత్తు.”

కళ్యాణి ఫోన్ తీసింది.

“మళ్ల ఫోనేనా?” అన్నాడు వినోద్ దీనంగా.

“నీకు కాదు, ఆగు... హలో, నమస్తే సార్. నేను రాలేను సార్. లేదు సార్, జీతం గురించి కాదు. ఇక్కడ ఒక పని సగంల ఉన్నది.”

ఫోన్ పెట్టేసి రాకెట్ అందుకుంది. ఒక కన్ను మూసి, తోక వైపు నుంచి పట్టి పట్టి చూసింది.

“ఒక్క రెక్క వంకరుంటే తప్పు. మూడు రెక్కలూ గంతే వంకర పెడితే అది డిజైను. తిరుక్కుంటనే సూటిగ పోతది.”

“అంటే?”

“మిగిలిన రెండూ ఊడదీసి మళ్ల అతికించాలె.”

“ఒక్కోటి పది నిమిషాలా?”

కళ్యాణి మబ్బు పట్టిన ఆకాశం వంక చూసింది.

“వానకాలం కదా, గమ్ము జల్ది పట్టదు,” అంది. “అర్ధగంట పడ్తది.”