అపొథెకే కార్డు మీద ఎర్ర పెన్సిల్

నిఘంటు కార్యాలయంలో కార్డుల గుమాస్తా కాఫీ కప్పు చేతిలో ఉండగానే ప్రాణం వదిలాడు. అంతకు పది నిమిషాల ముందే గూఢచారి శాఖ చీఫ్‌కి ఫోన్ చేశాడు. ఎడిటర్, జర్మన్ సెక్షన్ మేడమ్, ఈ ఇద్దరిలో ఒకరు శత్రువు మనిషని చెప్పి పెట్టేశాడు.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో తేల్చేశాడు. విదేశాల్లో ఉన్న మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు మైక్రోఫిల్మ్‌కెక్కాయి. సాయంత్రం నాలుగింటికి ప్రూఫుల పార్శిల్లో అది దేశం దాటుతుంది. అప్పటిదాకా ఆ మనిషి ఒంటిమీదే ఉంటుంది. మేడమ్ తాను మన డబుల్ ఏజెంట్‌నంటోంది. అది నిజమైతే, అరెస్ట్ చేశామన్న కబురు చాలు, అటువాళ్లు ఆమెను బతకనివ్వరు.

"ఒక్కరినే పట్టుకోవాలి. సరైనవాళ్లని," అన్నాడు చీఫ్. "ఐదో పేరు మీ అక్కది."

ఎదురుగా కూర్చున్నది ముంగిస అని పిలిచే ఏజెంట్. తలూపాడు.

సోడాబుడ్డి కళ్లద్దాలు, పెట్టుడు మీసంతో కొత్త ప్రూఫ్ రీడర్‌గా చేరాడు. అక్కడి జనం తీరు చూస్తే నవ్వొచ్చింది. లిఫ్టులో హెచ్చరిక బోర్డుని కూడా ఎర్ర పెన్సిల్‌తో దిద్ది వదిలారు. తప్పు కంటబడితే వీళ్ల చెయ్యి ఊరుకోదు. ఆ బలహీనత మీదే వల పన్నాడు.

ఒక మాట పుట్టుక చెప్పే కార్డు టైపు చేశాడు. గ్రీకులో అపొథెకే అంటే సరుకుల కొట్టు. అదే జర్మన్‌లో అపొటేకె, మందుల షాపు. ఫ్రెంచ్‌లో బుటీక్, దుకాణం. ఇటాలియన్‌లో బొత్తేగా, పనివాళ్ల కార్ఖానా. చివర కావాలనే ఒక అబద్ధం చేర్చాడు: స్పానిష్‌లో ద్రాక్షసారా నేలమాళిగని చెప్పే బొదేగాకి వీటితో చుట్టరికం లేదు, అది అరబ్బీ మాట.

మూడున్నరకి మేడమ్ వచ్చింది. సెంటు ముందొచ్చింది, ఆమె తర్వాత వచ్చింది. అతని అనుమానమంతా ఆమె మీదే. కార్డు చదివి, మొహం చిట్లించి, ఎర్ర పెన్సిల్‌తో బరబరా దిద్ది పోయింది. ముంగిస ఇంకో కాపీ పెట్టాడు.

తర్వాత ఎడిటర్. గుబురు గడ్డం, ముప్పై ఏళ్ల సర్వీసు. కార్డు రెండుసార్లు చదివాడు. బాగుందన్నాడు. కింద సంతకం పెట్టాడు.

ముప్పై ఏళ్లు ఈ పని చేసినవాడు ఆ కార్డు మీద సంతకం పెట్టడు. అంటే ఇతను ఎడిటర్ కాడు. మరి అసలు ఎడిటర్ ఏమైనట్టు?

నాలుగవడానికి అర నిమిషం ఉంది. గుమ్మంలో పోస్టల్ వ్యాన్ హారన్ కొడుతోంది. ఎడిటర్ గడ్డం సవరించుకుంటూ పార్శిల్ మీదికి వంగాడు. ముంగిస పెన్ను నొక్కాడు. సన్నటి మత్తు సూది ఆ మణికట్టులో దిగింది. మనిషి కూలాడు, గడ్డం ముంగిస చేతికొచ్చింది. దాని వెనక గోరంత ఫిల్మ్ అంటించి ఉంది.

అసలు ఎడిటర్‌ని నెల కిందటే చంపేశారని రాత్రికి తేలింది. అక్క బతికింది. ముంగిస కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

మేడమ్ తను దిద్దిన కార్డు అతని ముందు పెట్టింది.

"ఒక్క తప్పే పెట్టాననుకున్నారు కదూ?" అంది. "మీ టైపు తప్పులతో కలిపి నాలుగున్నాయి."