జేబులో ఫ్యూజు

ఆ పొద్దున చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువైంది. మనసులో ఏదైనా దాచుకున్న రోజున రాజమణి చెంచా ఆమె మాట వినదు. ఒకసారి డబ్బాలోకి పోయి వచ్చాక చాలదన్నట్టు మళ్లీ పోతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఈ సంగతి కనిపెట్టలేకపోయిన మనిషి ఆ ఇంట్లో ఆగయ్య ఒక్కడే.

"ఏందే, పాకం పట్టినవా?" అన్నాడు ఆయన గ్లాసు కింద పెట్టి.

"తాగు. నోరన్న తియ్యగయితది," అంది రాజమణి.

లోపలి గదిలో కూతురు అఖిల సంచి సర్దుకుంటోంది. డ్రిల్లు మిషను, టెస్టరు, పట్టకారు, స్క్రూడ్రైవర్లు అన్నీ చప్పుడు కాకుండా పాత చున్నీలో చుట్టి పెట్టుకుంది. సంచి భుజానికి తగిలించుకుని గడప దాటబోతుంటే తండ్రి గొంతు వినబడింది.

"షాపుకేనా బిడ్డా?"

"ఆఁ బాపు," అంది అఖిల, చెప్పులకేసి చూస్తూ.

"కౌంటర్ కాడనే కూసో. మీ సేటు నిచ్చెన ఎక్కమంటే నాకు ఫోన్ జెయ్. నేనొచ్చి మాట్లాడ్త."

ఆగయ్య కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతానంటే వారం రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఎలక్ట్రికల్ షాపులో కూర్చుని సామాను అమ్ముకోవచ్చు, బిల్లులు రాసుకోవచ్చు, నిచ్చెన మాత్రం ఎక్కకూడదు. అఖిల తలూపింది. షాపులో చేరిన మూడో రోజునే నిచ్చెన ఎక్కింది. ఆ సంగతి తల్లికి చెప్పింది, తల్లి చాయ్‌లో చక్కెర పెంచింది.

ఈ రోజు సంగతి మరీ పెద్దది. చాంద్రాయణగుట్ట మెయిన్ రోడ్డు మీద ముష్తాక్ సాబ్ ఫంక్షన్ హాలు ఉంది. దాని బయటి గోడలకు బిగించిన పాత మెర్క్యురీ లైట్లలో సగం వెలగడం లేదు, వెలిగేవి కరెంటు తాగేస్తున్నాయి. అవన్నీ తీసేసి ఎల్ఈడీ లైట్లు బిగించే పని అఖిల సొంతంగా ఒప్పుకుంది. హాలు ఖాళీగా ఉండేది ఈ ఒక్క పగలే. సాయంత్రం పెళ్లి. చీకటి పడేలోగా గోడ వెలిగితే మలక్‌పేటలో ఉన్న ముష్తాక్ సాబ్ తమ్ముడి హాలు పని కూడా అఖిలకే. వెలగకపోతే మళ్లీ కౌంటరే. ఇంకోసారి అవకాశం ఇచ్చే తండ్రి కాదు ఆగయ్య.

పైగా ఆ పాత లైట్లు బిగించింది వేరెవరో కాదు, ఆగయ్యే. హాలు కట్టిన కొత్తలో సెలవు రోజున వెళ్లి తన చేతులతో వైరు లాగి పెట్టాడు. ఇప్పటికీ బస్సులో అటు వెళితే కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటాడు. ఏ లైటు వెలగడం లేదో, ఏది మినుకుమంటోందో ఇంటికొచ్చి చెబుతాడు. రాజమణికి గుబులు పట్టుకుందంటే పట్టుకోదా మరి!

ఇంకా అన్నం ఉడకలేదు, ఆగయ్య చాయ్ హోటలు నుంచి కోపంతో ఊగిపోతూ వచ్చాడు. ఒక చెప్పు గుమ్మం దగ్గర, ఇంకోటి తులసికోట పక్కన పడింది.

"నా లైట్లు నా బిడ్డే పీకుతున్నదట! హోటల్ల అందరు నాకు ముబారక్ చెప్తున్నరు. నీకు ఎరుకేనా?"

రాజమణి గరిటె పక్కన పెట్టింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. ఎందుకో ఆ పూట అది రాలేదు.

"ఎరుకే," అంది.

"ఎరుకే అంటవా! తల్లీబిడ్డలు కలిసి నన్ను పిచ్చోన్ని చేసిన్రా? ఆడపిల్ల బజార్ల గోడలెక్కుడేంది? రేపు సంబంధం వస్తే ఏం చెప్తవ్?"

"సంబంధం సంగతి అట్లుంచు. నువ్వు భయపడుతున్నది సంబంధానికి కాదు."

"మరి దేనికి?"

ఆమె సోమయ్య పేరు ఎత్తలేదు. ఎత్తనవసరం లేకుండానే ఆయన ముఖం మారిపోయింది. విసురుగా చెప్పులు వెతుక్కుని బయటపడ్డాడు. రాజమణి స్టవ్ ఆర్పేసి కొంగు సర్దుకుంటూ వెనకాలే వెళ్లి అదే ఆటోలో ఎక్కింది.

సోమయ్య ఆగయ్యకు జోడీ. ఇద్దరూ ఒకే గ్యాంగులో పని చేశారు. ఒక వానాకాలం సోమయ్య స్తంభం మీద ఉండగా, కింద ఎవరో తొందరపడి, ఒక్క నిమిషమే కదా అని, తీసిపెట్టిన ఫ్యూజు మళ్లీ పెట్టాడు. కొంచెం దూరంలో ఉన్న ఆగయ్య కళ్ల ముందే సోమయ్య ప్రాణం పోయింది. అప్పటి నుంచి పైన మనిషి ఉన్నాడంటే ఫ్యూజు ఆగయ్య జేబులో ఉండేది. ఆ మనిషి కిందికి దిగేదాకా ఆయన నిలబడ్డ చోటు నుంచి కదిలేవాడు కాదు. వాన వచ్చినా కదలడు, ఆఫీసర్ వచ్చినా కదలడు. ఆ పింగాణీ ఫ్యూజుల బరువుకు చొక్కా జేబులు చిరిగిపోయేవి. రాజమణి ప్రతి చొక్కా జేబుకూ లోపల గట్టి గుడ్డ వేసి కుట్టేది. మొగుడు పైకెక్కిన రోజున ఆమెకూ అన్నం దిగేది కాదు. కానీ ఆ భయాన్ని ఆమె ఎన్నడూ బయటికి చెప్పలేదు. చెబితే ఆయన పని మానేస్తాడా? మానేస్తే అసలు ఆయన ఆగయ్యేనా?

హాలు ముందు ఆటో ఆగేసరికి అఖిల నిచ్చెనను గోడకు ఆనించి పైన కొక్కానికి తాడు కడుతోంది. నెత్తి మీద పసుప్పచ్చ టోపీ, చేతులకు గ్లౌజులు. కింద అట్టపెట్టెల్లో కొత్త లైట్లు వరుసగా పెట్టి ఉన్నాయి. తండ్రిని చూసి ఆమె చేయి తాడు మీదే ఆగిపోయింది.

ఆగయ్య ఆమెను దాటేశాడు. మెట్ల కింద ఉన్న బోర్డు దగ్గరికి నేరుగా పోయాడు. ఆ బోర్డు తను పెట్టిందే, బయటి లైట్ల ఫ్యూజు ఏదో కళ్లు మూసుకుని చెప్పగలడు. దాన్ని ఒక్క గుంజు గుంజి జేబులో వేసుకున్నాడు.

"అయిపాయె! ఇగ ఎట్ల వెలిగిస్తవో వెలిగియ్. నడువు ఇంటికి!"

ఆవరణలో షామియానా కడుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. అఖిల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోయింది. అంతలో ఆమె చూపు తండ్రి జేబు మీద పడింది. అఖిల ముక్కు ఎగబీల్చి మెల్లగా నవ్వింది.

"మంచిది బాపు. నేను గూడ గదే పీకుదామని వస్తున్న. బోర్డుల ఉంటే ఎవడన్న పెడ్తడేమో అని ఫికర్ ఉండె. నీ జేబుల ఉంటే నాకింకేం గావాలె?"

అని టెస్టరుతో ఒకసారి, మళ్లీ ఒకసారి వైరు చూసుకుని నిచ్చెన ఎక్కేసింది.

ఆగయ్య జేబు తడుముకున్నాడు. పని ఆపాలని వచ్చినవాడు, పని మొదలుపెట్టేవాడు చేసే మొదటి పని తానే చేశాడు. ఇన్నేళ్ల అలవాటు ఆయన చేతిలో అంత బలంగా ఉంది. గిరుక్కున గేటు వైపు తిరిగాడు.

"ఏడికి?" అంది రాజమణి.

"ఇంటికి!"

"పో. పైన మనిషి ఉండంగ ఫ్యూజు పట్టుకున్నోడు జాగ విడిచి పోతడా? పోయేటోనివైతే పో."

ఆగయ్య ఆమెను చూశాడు. గోడ మీద కూతురిని చూశాడు. ఒక అడుగు వేశాడు, ఆ అడుగును వెనక్కి తీసుకున్నాడు. బోర్డుకు వీపు ఆనించి జేబు మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. రాజమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సమయంలో నవ్వితే కొంప మునుగుతుందని ఆమెకు తెలుసు.

ఎండ ముదిరింది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, ఆయన కూర్చోలేదు. చాయ్ వచ్చింది, నిలబడే తాగాడు. అఖిల ఒక్కో పాత లైటు విప్పి తాడుతో కిందికి దించుతోంది. తుప్పు పట్టిన డబ్బాల్లోంచి పాత వాన నీళ్లు, చచ్చిన పురుగులు రాలుతున్నాయి. తను బిగించిన మొదటి లైటు నేల మీదికి దిగినప్పుడు ఆగయ్యకు దాన్ని చేతిలోకి తీసుకోవాలనిపించింది. కానీ తల పైకెత్తే ఉంచాడు, చూపు మాత్రం కూతురి కాళ్ల మీదే.

"కాలు లోపలికి పెట్టు! అంచు మీద నిలబడుతున్నవ్!"

"పెట్టిన బాపు!"

కాసేపటికి మళ్లీ ఉండబట్టలేదు.

"లైటు సుట్టు ఆ తెల్లటి లప్పం ఏందే? కింద రాయలేదేంది, మర్శినవా?"

"కావాలనే ఇడ్శిన. మీద, పక్కల రాస్తే వాన లోపలికి రాదు. ఒకవేళ వస్తే కిందికెళ్లి కారిపోతది."

ఆగయ్య నేల మీదున్న తన పాత డబ్బాలను, వాటిలోంచి కారిన మురికి నీళ్లను చూశాడు. ప్రతి వానాకాలం తర్వాత వచ్చి ఆ డబ్బాలు విప్పి నీళ్లు పారబోసి పోయేవాడు తను.

"గిది నాకు ఎన్నడు తోచలే," అన్నాడు మెల్లగా, భార్య వైపు చూడకుండా.

పొద్దు వాలుతుండగా డెకరేషన్ ప్రహ్లాద్ మనుషులతో దిగాడు. గేటుకు సీరియల్ బల్బుల తోరణాలు కట్టించి బోర్డు దగ్గరికి వచ్చాడు. చూస్తే, తోరణాలకు కరెంటు వచ్చే బయటి లైనుకు ఫ్యూజు లేదు.

"పెద్దమనిషీ, ఫ్యూజు నీ తాన ఉన్నదట గదా. జర ఇయ్యి. తోరణాలు వెలుగుతున్నయా లేదా చూస్కుంట."

"పని అయినంక ఇస్త."

"అరె, పెళ్లోళ్లు వచ్చే టైమైంది. ఆమె వైరు ముట్టుకోకుంట ఉండమను. ఒక్క నిమిషం!"

ఆ మాట వినగానే ఆగయ్య ముఖంలో రక్తం లేదు. మరుక్షణం ఆయన గొంతు హాలంతా మోగింది.

"ఒక్క నిమిషమా? పైన నా బిడ్డ ఉన్నది! నా పానం పోయినా ఇయ్య! చెయ్యేసి చూడు, చెయ్యి ఇరిగి పోతది!"

ప్రహ్లాద్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. షామియానావాళ్లు, వంటవాళ్లు, పూలవాళ్లు అందరూ నిలబడిపోయారు. ఆగయ్య రెండు చేతులతో జేబును గుండెకు అదుముకున్నాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. రాజమణి వచ్చి ఆయన భుజం పట్టుకుంది.

"ఆనాడు నేను ఆడ నిలబడి ఉంటే సోమయ్య బతుకుతుండె రాజీ," అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదలు.

"ఈనాడు నిలబడ్డవ్ గదా. చాలు," అంది రాజమణి. కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

పైన అఖిల గోడకు నుదురు ఆనించింది. ఇన్నాళ్లూ తండ్రి తనను ఆడపిల్ల అని ఆపుతున్నాడనుకుంది. తను పోతుందేమోనని వణికిపోతున్నాడని ఇప్పుడు తెలిసింది.

"బాపూ," అని పిలిచింది. "ఇంకొక్కటే ఉన్నది. నువ్వు ఆడనే ఉండు."

"ఏడికి పోతనే? ఉన్న. నువ్వు నిమ్మళంగ చేసుకో. తొందరేం లేదు."

చివరి స్క్రూ బిగించి ఆమె దిగింది. నిచ్చెన పక్కకు తీసింది, సామాను లెక్క చూసుకుంది. ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడలేదు. అత్తరు వాసనతో మొదటి బంధువులు గేటు దగ్గర దిగుతున్నారు. ముష్తాక్ సాబ్ షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ హడావుడిగా వచ్చాడు.

ఆగయ్య బోర్డు ముందు నిలబడి జేబులోంచి ఫ్యూజు తీశాడు. స్తంభాల దగ్గర అరిచినట్టే గట్టిగా అరిచాడు.

"లైన్ క్లియరా?"

"క్లియర్ బాపు!"

"మనుషులందరు దిగిన్రా?"

"దిగిన్రు! ఎయ్!"

ఫ్యూజు పెట్టి స్విచ్చు వేసి ఆగయ్య ఓపిగ్గా చేతులు కట్టుకున్నాడు. మెర్క్యురీ లైట్లు గొణుగుతూ, వేడెక్కుతూ, తీరిగ్గా వెలిగేవి మరి. కానీ వెనక నుంచి జనం హో అని అరిచారు. తిరిగి చూస్తే గోడ అప్పటికే ఈ చివర నుంచి ఆ చివర దాకా వెలిగిపోతోంది. వెలుగు కళ్లలో పొడవకుండా గోడ మీదుగా కిందికి జారుతోంది. కమానుల గీతలు, మెట్ల అంచులు, పిల్లల జరీ టోపీలు అన్నీ విడివిడిగా కనబడుతున్నాయి. ఒక్క లైటు కూడా మినుకుమనలేదు.

"వాహ్ ఆగయ్య భాయ్!" ముష్తాక్ సాబ్ ఆయన్ని కావలించుకున్నాడు. "కమాల్ చేసినవ్! మలక్‌పేటల మా తమ్మునిది ఎప్పుడు షురూ చేస్తవ్?"

"నన్నడుగుతవేంది భాయ్?" అన్నాడు ఆగయ్య. గర్వంతో ఆయన మెడ ఇంత పొడుగైంది. "మేస్త్రీ ఆమె. నేను కింద మనిషిని. ఆమె ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్త."

రాజమణికి దుఃఖం, సంతోషం ఒక్కసారే పొంగుకొచ్చాయి. గ్యాంగులో కింద మనిషి అంటే అందరికన్నా చిన్నవాడు. సీనియర్ లైన్‌మన్ ఆగయ్యను ఆ మాట అనే ధైర్యం ఏ ఆఫీసరుకూ లేకపోయింది. ఆయనే ఇవాళ నలుగురి మధ్య నిలబడి తనను తానే ఆ మాట అన్నాడు, అదేదో బిరుదు అయినట్టు.

అఖిల టోపీ తీసి చంకలో పెట్టుకుంది. ముఖం నిండా దుమ్ము, దాని మీద కన్నీళ్ల చారలు, పైన నవ్వు.

"ఎల్లుండి పోదాం బాపు. పొద్దుగాలనే తయారుండాలె. లేటు చేస్తే ఇంకో మనిషిని చూసుకుంట."

"అట్లనే మేస్త్రీ," అన్నాడు ఆగయ్య, కూతురి భుజం మీది బరువు సంచిని తన భుజానికి మార్చుకుంటూ.